బిందువు కదలదు, అంకెలు కదులుతాయి: గణిత పాఠ్యపుస్తకాల రచయితలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గణిత పాఠ్యపుస్తకాల రచయితలకు, సంపాదకులకు నమస్కారం.

ఆరో తరగతిలో ఒకసారి 2.5ను 10తో గుణించమన్నాను. ఒక పిల్లవాడు క్షణమైనా తడుముకోకుండా 2.50 అని రాశాడు. ఎలా వచ్చిందని అడిగితే, "పదితో గుణిస్తే చివర సున్నా చేర్చాలి కదా సార్" అన్నాడు. వాడి ముఖంలో సందేహం లేదు సరికదా, ఇంత తేలిక లెక్క అడిగినందుకు నా మీద కాస్త జాలి కూడా కనిపించింది. ఆ నియమాన్ని రెండు మూడేళ్ళ ముందు వాడికి నేర్పింది పుస్తకమే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బల్ల మీద రాసింది నాలాంటి ఉపాధ్యాయులు. వాడు మనం చెప్పినది చెప్పినట్టే చేశాడు.

ముప్పై ఏళ్ళు గణితం చెప్పి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్నవాణ్ణి. "సున్నా చేర్చండి" అని నేనూ వందలసార్లు చెప్పాను కనుక ఈ నిందలో సగం నాది. మిగతా సగం మీకు పంపుతున్నాను.

సంఖ్యలు రాసే మన పద్ధతికి మూలం ఒకే ఒక్క నియమం. ఏ స్థానమైనా తన కుడి పక్క స్థానానికి పదింతలు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం గణితపాదంలో ఏకం, దశ, శతం, సహస్రం అంటూ వృందం వరకు పది పేర్లు వరసగా చెప్పి, చివర "స్థానాత్ స్థానం దశగుణం స్యాత్" అని ముగించాడు ఆర్యభటుడు. స్థానం నుంచి స్థానానికి పది రెట్లు. నాలుగు మాటల్లో పాఠం అయిపోయింది. మీ పుస్తకాల్లో ఇదే విషయం నాలుగు తరగతుల్లో, నాలుగు అధ్యాయాల్లో, ఒకదానికొకటి ముఖపరిచయం లేని చుట్టాల్లా పడి ఉంది. ఒకచోట స్థాన విలువ, మరోచోట దశాంశ భిన్నాలు, ఇంకోచోట ఘాతాంకాలు (10³లో పైనున్న 3 లాంటివి), ఆపైన ప్రామాణిక రూపం (1.5 × 10¹¹ లాంటి రాత). ఒక్కో అధ్యాయానికి ఒక్కో కిటుకు. మొదటిదానికి "సున్నా చేర్చు", రెండోదానికి "బిందువు జరుపు", మూడోదానికి "సున్నాలు లెక్కపెట్టు". కిటుకులన్నీ కలిసి పిల్లవాడి బుర్రలో ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. 2.50 ఆ పోట్లాటలో పుట్టిన జవాబే.

25ను 10తో గుణిస్తే నిజంగా ఏం జరుగుతోంది? పదుల గడిలో ఉన్న 2 వందల గడిలోకి వెళుతుంది. ఒకట్ల గడిలో ఉన్న 5 పదుల గడిలోకి వెళుతుంది. ఒకట్ల గడి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని చూపడానికి అక్కడ సున్నా పెడతాం. సున్నా వచ్చి సంఖ్యను పెంచలేదు. సంఖ్య పెరిగినందువల్ల సున్నా అవసరమైంది. పిల్లలకు మనం చెప్పేది దీన్ని తలకిందులు చేసి. ఇప్పుడు 2.5 తీసుకోండి. ఒకట్లలోని 2 పదుల్లోకి, పదో వంతుల్లోని 5 ఒకట్లలోకి జరిగాయి. ఖాళీ పడిన గడి ఏదీ లేదు, సున్నాతో పని లేదు. జవాబు 25. రెండు లెక్కల్లోనూ జరిగింది ఒకటే: అంకెలన్నీ కలిసి ఎడమకు ఒక గడి జరిగాయి.

"బిందువు కుడికి జరుగుతుంది" అనే మాట కూడా ఇందుకే నచ్చదు నాకు. జవాబు సరిగ్గానే వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ బిందువు జరిగితే గడులన్నీ జరిగినట్టే. పదుల స్థానం ఇప్పుడు ఒకచోట, మరుక్షణం ఇంకోచోట ఉంటే ఇక స్థానం అనే మాటకు అర్థమేముంది? నా చివరి అయిదారేళ్ళలో బల్ల మీద గడులు గీసి, మధ్యలో బిందువును చెరగని సుద్దతో పెట్టేవాణ్ణి. అంకెలను విడిగా ఒక కాగితం పట్టీ మీద రాయించేవాణ్ణి. పదితో గుణిస్తే పట్టీ ఎడమకు ఒక గడి, వెయ్యితో భాగిస్తే కుడికి మూడు గడులు. పట్టీ జరపడంలో పిల్లలు తప్పు చేయడం చాలా అరుదు. పుస్తకంలో ఒక అట్ట పట్టీ కుట్టి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుందో మీకే తెలియాలి.

ఇక ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న. దాని కోసమే నిజానికి ఈ లేఖ మొదలుపెట్టాను. ఎడమ వైపు ఒకట్లు, పదులు, వందలు ఉన్నాయి, కుడి వైపు పదో వంతులు, వందో వంతులు ఉన్నాయి, "మరి ఒకటో వంతులు ఎక్కడ పోయాయి సార్?" అంది. తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ అమ్మాయి గణితం బాగా చూసింది. మనం బిందువును అద్దంలా నిలబెట్టి, దానికి అటూ ఇటూ బొమ్మ ఒకేలా ఉండాలని పిల్లలు అనుకునేట్టు చెప్పాం. అలా అనుకున్నవాళ్ళకు కుడి వైపు ఒక గడి తక్కువ పడినట్టే కనిపిస్తుంది.

అద్దం బిందువు దగ్గర లేదు. ఒకట్ల గడి దగ్గర ఉంది. ఒకట్లకు ఎడమ పక్కన పదులు, కుడి పక్కన పదో వంతులు. రెండు గడుల అవతల వందలు, ఇటు రెండు గడుల అవతల వందో వంతులు. ఇప్పుడు బొమ్మ సరిపోయింది. ఒకట్లే ఒకటో వంతులు కూడా, ఎందుకంటే ఒకటిని ఒక భాగంగా చేస్తే మిగిలేది ఆ ఒకటే. బిందువు చేసే పని చాలా చిన్నది: ఒకట్ల గడి ఏదో వేలు పెట్టి చూపడం. అంతకు మించి దానికి ఏ శక్తీ లేదు. అది లేకుండా కూడా పని నడిపించవచ్చునని 1585లోనే ఒకాయన చూపించాడు. ఐరోపాలో దశాంశ భిన్నాలను జనంలోకి తెచ్చిన సైమన్ స్టెవిన్ తన చిన్న పుస్తకంలో బిందువు వాడలేదు. ఒకట్ల తర్వాత వలయంలో 0, పదో వంతు అంకె తర్వాత వలయంలో 1, వందో వంతు తర్వాత 2, ఇలా ప్రతి స్థానానికీ గుర్తు పెట్టాడు. రాయడానికి గజిబిజిగా ఉంటుంది కనుక ఆ పద్ధతి నిలవలేదు. కానీ ఆ వలయాల్లో ఉన్నవి ఏమిటో చూడండి. అవి ఘాతాంకాలు, ఋణ గుర్తు ఒక్కటే తక్కువ. ఒకట్లకు ఆయన పెట్టినది సున్నా.

పది ఘాతం సున్నా ఒకటి అని చెప్పడానికి మనం ఎంత అవస్థ పడతామో! "ఏ సంఖ్యకైనా సున్నా ఘాతం ఒకటి, గుర్తుపెట్టుకోండి" అని పెట్టెలో రాసి చుట్టూ గీత గీస్తారు మీరు. పిల్లలు గుర్తుపెట్టుకోరు. పదిని సున్నా సార్లు గుణించడం అంటే అసలు గుణించకపోవడమే కదా, అప్పుడు సున్నా రావాలి అంటారు. వాళ్ళ తర్కం వాళ్ళకుంది. అదే గడుల వరసను చూపి, వేలకు 3, వందలకు 2, పదులకు 1 అని పైన రాస్తూ వస్తే, ఒకట్ల దగ్గరికి వచ్చేసరికి ఏం రాయాలో వాళ్ళే చెబుతారు. ఒక్కో గడి కుడికి జరిగితే విలువ పదో వంతవుతుంది, పైనున్న సంఖ్య ఒకటి తగ్గుతుంది. 10 ఘాతం 1 పది అయితే, దాని పదో వంతు 1, పైన 0. ఆగకుండా ఇంకో గడి వెళితే 0.1, పైన −1. పది ఘాతం −2 ఎంత అంటే −20 అనో −100 అనో రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. గడుల మీద నడిచినవాళ్ళు అలా రాయరు, ఎందుకంటే కుడికి నడిస్తే చిన్నవవుతాయి తప్ప సున్నా దాటి అవతలికి పోవని కళ్ళతో చూశారు. ఋణ గుర్తు ఉన్నది అడుగుల లెక్కకు. విలువకు కాదు.

ఇదంతా చెప్పుకోవడానికి తెలుగు ఎంత అనువైన భాషో మీ పుస్తకాల్లో ఒక్క వాక్యమైనా కనబడదు. ఇరువది, ముప్పది, నలువది, అరువది. ఇరు పదులు, మూడు పదులు, నాలుగు పదులు, ఆరు పదులు. వాడుకలో నోరు అరిగి ఇరవై, ముప్పై అయ్యాయి, పది మాత్రం తోకలో ఉండిపోయింది. ఇంగ్లీషులో పదకొండు, పన్నెండు అనే మాటల్లో పది వినిపించదు. జర్మన్ భాషలో ఇరవై ఒకటిని "ఒకటీ ఇరవై" అని తిప్పి చెబుతారు, రాసేటప్పుడు మళ్ళీ ఎడమ నుంచి రాయాలి. మనకు ఏ చిక్కూ లేదు, పలికిన వరసలోనే రాస్తాం. దశాంశం అన్న మాటే పదో భాగమని చెబుతోంది. ఇంత తేటగా ఉన్న మాటలను విప్పి చూపకుండా నిర్వచనాలు బట్టీ పట్టిస్తాం.

పెద్ద సంఖ్యల పేర్ల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. వెయ్యి మూడు గడులు, లక్ష అయిదు, కోటి ఏడు. మిలియన్ ఆరు, బిలియన్ తొమ్మిది, ట్రిలియన్ పన్నెండు. కామాలు 1,00,00,000 అని పెట్టినా 10,000,000 అని పెట్టినా ఘాతాంకం ఏడే. ఈ రెండు పేర్ల వరసలకు మధ్య వంతెన ఘాతాంకమే అని ఒక్క పేజీలో చెప్పవచ్చు. బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు అని బట్టీ పట్టక్కర్లేదు, గడులు లెక్కపెడితే చాలు: అయిదూ ఏడూ పన్నెండు.

పేర్లు తెలిసినంత మాత్రాన పరిమాణం తెలిసినట్టు కాదు. బల్ల మీద మీటరు పొడవు గీత గీసి, ఒక చివర సున్నా, మరో చివర కోటి రాసి, లక్ష ఎక్కడుంటుందో చూపమనేవాణ్ణి. మొదటిసారి చూపినవాళ్ళలో చాలామంది గీతలో పదో వంతు దగ్గరో, ఇంకా అవతలో వేలు పెట్టేవారు. అది ఉండేది సున్నా నుంచి ఒక్క సెంటీమీటరు దూరంలో. మరి వెయ్యి? సున్నా నుంచి మిల్లీమీటరులో పదో వంతు. సుద్దముక్క గీసే గీత మందం కూడా అంతకన్నా ఎక్కువే, కనుక సున్నా, వెయ్యి ఒకే గీత కింద దాగిపోతాయి. కాలంతో కొలిచినా ఇంతే. లక్ష సెకన్లు 28 గంటలకు కొంచెం తక్కువ. కోటి సెకన్లు సుమారు 116 రోజులు. వంద కోట్ల సెకన్లు దాదాపు 31 ఏళ్ళ 8 నెలలు. లక్ష కోట్ల సెకన్లు వెనక్కి వెళితే 31 వేల ఏళ్ళు దాటి రాతి గుహల కాలానికి చేరతాం. రెండు గడులకూ నాలుగు గడులకూ తేడా ఏమిటో ఇలా తెలియాలి. మీ అభ్యాసాల్లో ఉండేది "కింది సంఖ్యలను ప్రామాణిక రూపంలో రాయండి" అన్న ఒకే ఒక్క ఆజ్ఞ, దాని కింద ఇరవై సంఖ్యలు.

ఆ ఇరవైలో పదిహేను తీసేసి పోల్చే ప్రశ్నలు పెట్టండి. పరమాణువు వ్యాసం సుమారు 10⁻¹⁰ మీటర్లు, దాని కేంద్రకం 10⁻¹⁵ మీటర్ల స్థాయిది. కేంద్రకాన్ని ఒక సెంటీమీటరు గోళీ అంత చేస్తే పరమాణువు ఎంతవుతుంది? ఘాతాంకాల తేడా 5, అంటే లక్ష రెట్లు, అంటే కిలోమీటరు. సూర్యుడు 1.5 × 10¹¹ మీటర్ల దూరంలో, చంద్రుడు 3.84 × 10⁸ మీటర్ల దూరంలో ఉన్నారు. ఘాతాంకాల తేడా 3 కదా అని వెయ్యి రెట్లు అనేస్తారు పిల్లలు. ముందున్న అంకెలను భాగిస్తే 0.39, కనుక నిజానికి 390 రెట్లే. ఘాతాంకం మొదటి కబురు చెబుతుంది, ముందున్న అంకె దాన్ని సరిదిద్దుతుంది. ఇది ఒక్క లెక్కతో వచ్చే తెలివి, ఇరవై సంఖ్యలను మార్చి రాసినా రాదు.

గుణిస్తే ఘాతాంకాలు కూడుకుంటాయన్న సూత్రం కూడా ఇలాంటిదే. అక్షరాల్లో సూత్రం రాసి నిరూపణ ఇచ్చే ముందు ఆర్కిమెడీస్ కథ ఒక పేజీ చెప్పకూడదా? ఆయన కాలపు గ్రీకు భాషలో పేరున్న అతిపెద్ద సంఖ్య పదివేలు. విశ్వమంతా ఇసుక నింపితే ఎన్ని రేణువులు పడతాయో లెక్కకట్టాలని కూర్చున్నాడు. స్థాన విలువ చేతిలో లేదు. పదివేల పదివేలను, అంటే 10⁸ను, కొత్త ఒకటిగా తీసుకుని, దాని మీద మరో వరస, దాని మీద ఇంకో వరస కట్టుకుంటూ పోయి, మన లెక్కలో 10⁶³కు మించవని తేల్చాడు. ఆ దారిలోనే, ఇలాంటి వరసలోని రెండు పదాలను గుణిస్తే లబ్ధం వరసలో ఎక్కడ పడుతుందో వాటి స్థానాలను కూడి చెప్పవచ్చునని గమనించాడు. ఘాతాంకాల కూడిక నియమం అదే. మనం నాలుగు అంకెల్లో రాసేసే 10⁶³ కోసం అంతటివాడు ఒక కొత్త సంఖ్యా భాషనే కట్టుకోవలసి వచ్చింది.

దశాంశాలు చదివే తీరు గురించి ఒక్క మాట. 0.35ను "సున్నా పాయింట్ ముప్పై ఐదు" అని చదివిస్తే, ముప్పై ఐదు అయిదు కన్నా పెద్దది కనుక 0.35 కూడా 0.5 కన్నా పెద్దదని పిల్లలు అనుకోక ఏం చేస్తారు? "సున్నా పాయింట్ మూడు ఐదు" అనాలి. ఇంకొందరు ఎదురు తప్పు చేస్తారు: వెయ్యో వంతులు పదో వంతుల కన్నా చిన్నవి కనుక 0.468 కన్నా 0.3 పెద్దది అంటారు. రెండు తప్పులూ వేరు వేరు జబ్బులు, రెండింటికీ ఒకే మందు వేయకండి. మొదటివాళ్ళకు గడులు కావాలి, రెండోవాళ్ళకు సంఖ్యారేఖ కావాలి. క్రికెట్‌లో 15.3 ఓవర్లు అంటే పదిహేనున్నర ఓవర్లని, అక్కడ చుక్క తర్వాత 6 ఎప్పుడూ రాదని పిల్లలకు బాగా తెలుసు. అది దశాంశ బిందువు కాదని, అక్కడ పక్క గడికి పదింతలు కాక ఆరింతలని చెప్పి చూడండి, ఎంత ఉత్సాహంగా వింటారో.

పది అనే సంఖ్యకు మహత్తు ఏమీ లేదన్న విషయం కూడా అక్కడే తెలిసిపోతుంది. వేళ్ళు పది కనుక పది. బాబిలోనియన్లు అరవైతో లెక్కించారు, దాని మిగులు గడియారంలో ఇంకా తిరుగుతోంది. కంప్యూటర్‌కు రెండు. 10¹² బైట్లు, అంటే ఒక టెరాబైట్, అని రాసి అమ్మిన డిస్కును కొన్ని కంప్యూటర్లు 931 గిగాబైట్లని చూపడానికి కారణం అమ్మినవాడి మోసం కాదు. అవి గిగాబైట్‌ను 10⁹కి బదులు 2³⁰గా లెక్కిస్తాయి. ఇది ఎనిమిదో తరగతి లెక్క, ఏ పుస్తకంలోనూ కనబడలేదు నాకు.

ఇదంతా ఒక ముసలి మాస్టారి చాదస్తం అనుకునేవారుంటే, ఆసుపత్రుల్లో మందు మోతాదు రాసే నియమాలు ఒకసారి చూడమంటాను. ఒక మిల్లీగ్రామును 1.0 అని రాయకూడదు, ఎందుకంటే చుక్క మసకబారితే అది 10 అవుతుంది. అర మిల్లీగ్రామును .5 అని రాయకూడదు, ముందు సున్నా లేకపోతే అది 5గా కనిపించవచ్చు. రెండు చోట్లా పొరపాటు సరిగ్గా పది రెట్లు. పదింతల పొరపాటు అని ఆ రంగంలో దానికి ఒక పేరే ఉంది. ఒక గడి జరగడం అంటే ఏమిటో ఒంటికి పట్టిన మనిషి ఆ చీటీని చూసి, ఇంత మోతాదు ఉండదే అని ఆగుతాడు. కిటుకులు మాత్రమే నేర్చుకున్నవాడు ఆగడు.

కనుక నేను అడిగేది ఇదీ. వచ్చే ముద్రణలో "చివర సున్నా చేర్చండి", "బిందువును జరపండి" అనే రెండు వాక్యాలను తీసివేయండి. ఎడమ నుంచి కుడికి పది లక్షల నుంచి వెయ్యో వంతు వరకు ఒకే గడుల వరసను, పైన 6 నుంచి −3 వరకు ఘాతాంకాలతో, నాలుగో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రతి పుస్తకంలోనూ అదే ఆకారంలో అచ్చు వేయండి. చిన్న తరగతుల్లో కుడి సగాన్ని, పైనున్న అంకెలను లేత రంగులో ఉంచితే చాలు. పెద్దయ్యాక అవేమిటో తెలుస్తాయి. ఒకట్ల గడిని మాత్రం ముదురు రంగులో వేయండి. చోటు లేదంటారేమో, "సులభ పద్ధతి" అని మీరు గీసే పెట్టెలు తీసేస్తే ఒక పేజీ మిగులుతుంది. ఆ గడి కింద చిన్న అక్షరాలతో "ఒకట్లు, ఒకటో వంతులు" అని రెండు పేర్లూ పెట్టండి. ఆ అమ్మాయికి నేను అప్పుడు ఇవ్వని జవాబు అదే.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు